మోచేతి ఊతకర్రలతో ఒక సెమిస్టర్: అన్నీ బాగున్నాయి, అడుగు రబ్బరు తప్ప

ఈ కర్రలకు నేను వేయాల్సిన మార్కులన్నీ అడుగున ఉన్న రబ్బరు బుష్ దగ్గరే కోత పడ్డాయి. అల్యూమినియం గొట్టం వంగలేదు, పిడి ఊడలేదు, ఎత్తు సరిచేసుకునే బొత్తాము ఒక్కసారి కూడా మొరాయించలేదు. వాటి గురించి సమీక్షలు రాసినవారు కావలసినంత రాశారు, మళ్ళీ నేను రాయనక్కర్లేదు. కానీ మనిషి బరువునంతా తీసుకెళ్ళి నేలకు అప్పగించేది చివరికి ఆ రబ్బరు ముక్కే. దాని గురించి ఒక్కరంటే ఒక్కరు ఒక్క మాట రాసిన పాపాన పోలేదు.

నా పరిస్థితి ముందే చెప్పాలి, లేకపోతే మిగతా మాటలు మీకు పనికివస్తాయో లేదో తేలదు. కబడ్డీలో కూతకు వెళ్ళి గీత వైపు మళ్ళుతుండగా చీలమండ దొరికిపోయింది. ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. మోకాలిని నిలకడగా పట్టి ఉంచే ఏసీఎల్ అనే స్నాయువు తెగింది, పక్కనే ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరిగింది. వాపు తగ్గి మోకాలు కాస్త వంగేదాకా ఆగి శస్త్రచికిత్స చేశారు. ఏసీఎల్ ఒక్కటే అయితే చాలామంది కొద్ది వారాల్లోనే కర్రలు అవతల పడేస్తారు. మెనిస్కస్‌కు కుట్లు పడితే మాత్రం ఆ కాలి మీద బరువు వేయడానికి వైద్యులు అంత తొందరగా ఒప్పుకోరు. అలా శస్త్రచికిత్సకు ముందు కొంతకాలం, ఆ తర్వాత అంతకంటే ఎక్కువకాలం, మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్ దాదాపు మొత్తం కర్రల మీదే గడిచింది. ఇంటికెళ్ళి పడుకోవచ్చు కదా అని అందరూ అన్నారు. జేఎన్‌టీయూ అనుబంధ కళాశాలల్లో చదివినవారికి ఆ ప్రశ్నకు జవాబు తెలుసు. హాజరు 75 శాతం ఉండాలి. వైద్య కారణాలు చూపించి, తగ్గిన హాజరును మన్నించడానికి తీసుకునే కండొనేషన్ రుసుము కట్టినా 65 శాతానికి తగ్గకూడదు. శస్త్రచికిత్సకే నా సెలవుల ఖాతా సగం ఖాళీ అయింది. కాబట్టి కుంటుకుంటూ అయినా తరగతికి వెళ్ళక తప్పలేదు.

మొదట ఆసుపత్రి ఎదురుగా ఉన్న దుకాణంలో చంక కింద పెట్టుకునే కర్రలు అంటగట్టారు. వాటిని తిట్టను. చంకకూ కర్ర పైభాగానికీ మధ్య రెండు మూడు వేళ్ళ సందు వదిలి, బరువంతా అరచేతుల మీద వేసుకుంటే అవీ బాగానే నడుస్తాయి. చంక మీద వాలితేనే ప్రమాదం. అక్కడి నరం నలిగి మణికట్టు వాలిపోయే అవకాశం ఉందని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పారు. నా ఇబ్బంది వేరు. భోజనశాలలో టోకెన్ తీయాలన్నా, గది తాళం తిప్పాలన్నా, గుర్తింపు కార్డు చూపించాలన్నా రెండు కర్రలనూ ఎక్కడో ఒకచోట ఆనించాలి. ఆనించిన కర్ర ఎప్పుడూ నిలబడదు. కర్ర పడిన చప్పుడుకు అందరూ తిరిగి చూడడం, ఎవరో వంగి తీసి ఇవ్వడం, నేను థాంక్స్ చెప్పడం, ఇది రోజంతా సాగే తంతు.

మోచేతి కర్రలకు మారగానే ఆ తంతు ఆగిపోయింది. వీటికి ముంజేతిని చుట్టుకునే ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఉంటుంది. పిడి వదిలేసినా కర్ర ఆ పట్టీకి వేలాడుతూనే ఉంటుంది. టోకెన్ తీశాను, తాళం తిప్పాను, ఒకసారి బోర్డు మీద లెక్క కూడా చేశాను, కర్ర నా వెంటే ఉంది. కొన్న కొత్తలో హాస్టల్లో అడిగినవాడికీ అడగనివాడికీ ఆ పట్టీని తెగ పొగిడాను. భోజనం పళ్ళెం మాత్రం అప్పుడూ ఇప్పుడూ మోయలేం, ఆశ పెట్టుకోకండి. నాకు మా గదిలోని స్నేహితుడు తెచ్చిపెట్టేవాడు, సాంబారు తనకు నచ్చినంత పోసుకొచ్చేవాడు. నీళ్ళ సీసా, పుస్తకాలు, ఫోను, అన్నీ వీపు సంచిలోకే. గొడుగు సంగతి మరిచిపోండి. గొడుగు పట్టుకునే చేయి మనకు ఉండదు, రెయిన్‌కోటు ఒక్కటే దారి.

గొడుగు మాట వచ్చింది కాబట్టి వానల గురించి. మాది నెల్లూరు వైపు. రాష్ట్రంలో చాలాచోట్ల వానలు తగ్గుముఖం పట్టాక అక్టోబరు, నవంబరు నెలల్లో ఈశాన్య రుతుపవనాలతో మాకు అసలు వానాకాలం. మా కళాశాలలో పాత భవనంలో కడప బండలు పరిచారు, అవి తడిసినా కర్రను పట్టుకుంటాయి. కొత్త భవనంలో అద్దంలా మెరిసే గ్రానైట్ వేశారు, ప్రయోగశాలలన్నీ అందులోనే. నడవాకు ఒకవైపు గోడ, మరోవైపు పిట్టగోడ. గాలివాన కొడితే జల్లంతా లోపలికే.

అలాంటి ఒక మధ్యాహ్నం ప్రయోగశాలకు పోతున్నాను. కర్ర నేలకు తగిలినప్పుడు మెత్తగా వచ్చే చప్పుడు మన చెవికి అలవాటైపోతుంది. ఆ రోజు ఎడమవైపు నుంచి 'ఠంగ్' మంది. ఇదేమి చప్పుడు అనుకునేలోపే ఎడమ కర్ర పక్కకు జారిపోయింది. ఆ క్షణంలో రెండు కాళ్ళూ గాలిలో ఉన్నాయి, ఎందుకంటే రెండు కర్రల మీద బరువేసి ఊగుతూ ముందుకు వెళ్ళే నడక నాది. అదృష్టం ఏమిటంటే ఎడమవైపు గోడ ఉంది. భుజం గోడకు కొట్టుకుని, గోడకే రాసుకుంటూ కిందికి జారి కూర్చుండిపోయాను. ఆపరేషన్ కాలు చాచినట్టే నిలిచింది, మోకాలికి ఏమీ కాలేదు. కానీ కర్ర జారిన వైపు జారుతూనే ఉంది, ముంజేతి పట్టీ దాన్ని వదల్లేదు, దాంతోపాటు నా మోచేయి కూడా పక్కకు మెలితిరిగింది. చంక కర్ర అయితే చేయి వదిలేస్తే ఎక్కడో పడి ఉండేది. పట్టీని నేను పొగిడిన పొగడ్తల్లో కొన్నింటిని ఆ మధ్యాహ్నమే వెనక్కి తీసుకున్నాను.

నడవా తుడుస్తున్న ఆయమ్మ తుడుపుకర్ర వదిలేసి పరుగున వచ్చింది. నన్ను లేపడానికి ఇద్దరు కుర్రాళ్ళు వచ్చాక, ఆమె నేల మీద నుంచి ఏదో తీసి, "బాబూ, ఇది నీదేనా?" అని అరచేతిలో పెట్టి చూపించింది. రూపాయి బిళ్ళంత నల్లటి రబ్బరు చక్రం. అంచులు ఎంత నున్నగా ఉన్నాయంటే ఎవరో కొలిచి కోసినట్టే. కర్ర తిప్పి చూస్తే బుష్ అలాగే ఉంది, దాని అడుగు మాత్రం లేదు. అడుగు ఉండాల్సిన చోట అల్యూమినియం గొట్టం అంచు బయటికి తొంగిచూస్తోంది. ఇంతకాలం లోపలి నుంచి ఆ అంచు రబ్బరును కోస్తూ వచ్చిందన్నమాట. చపాతీ పిండి మీద గ్లాసు బోర్లించి నొక్కితే పూరీ గుండ్రంగా తెగి వచ్చినట్టు, నా బరువుతో రోజూ కొంచెం కొంచెంగా తెగి ఆ రోజుకు పూర్తిగా ఊడింది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు. గీతలు అరగలేదు, పగుళ్ళు లేవు. అరిగితే కనబడేది, ఇది అరగలేదు, తెగింది. నా కోపమంతా అక్కడే.

కొత్త బుష్ కోసం కర్రలు కొన్న దుకాణానికే స్నేహితుడిని పంపాను. విడిగా రావు, కావాలంటే కొత్త జత కొనుక్కోండి అన్నారట. చెప్పుకు మేకు ఊడితే కొత్త చెప్పులు కొనమనడం ఏ లెక్కో నాకు అర్థం కాలేదు. హార్డ్‌వేర్ దుకాణంలో కుర్చీ కాళ్ళకు వేసే బుష్‌లు దొరికాయి, గొట్టానికి సరిపోయాయి కూడా. కానీ అవి గట్టివి, అడుగు నున్నగా ఉంటుంది. కుర్చీ ఒకచోట కూర్చుని ఉంటుంది కాబట్టి దానికి చాలు. తడి గ్రానైట్ మీద గోడ పట్టుకుని ఒక్క అడుగు వేసి చూసి, వెంటనే పీకేశాను. చివరికి చెన్నైలో ఉండే మా అక్క వాకర్లకు వేసే మందపాటి బుష్‌లు పంపింది. ఒక సంగతి గుర్తుంచుకోండి. వీటిని కొనేటప్పుడు కర్ర ఎత్తు కాదు, గొట్టం బయటి వ్యాసం చెప్పాలి. 19 మిల్లీమీటర్లదీ 22 మిల్లీమీటర్లదీ చూపుకు ఒకేలా ఉంటాయి, ఒకటి ఎక్కదు, ఇంకొకటి ఊడిపోతుంది.

వచ్చినవి సరైన కొలతే, అయినా ఎక్కడం లేదు. నూనె రాసి నొక్కుదామని స్నేహితుడు అన్నాడు. కళాశాల గేటు పక్కన సైకిళ్ళు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు కదా, ముందు ఆయనను అడుగుదామని వెళ్ళాం. ఆయన పాత బుష్‌ను వేలితో తడిమి చూసి, లోపల ఏమైనా బిళ్ళ ఉండేదా అని అడిగాడు. లేదు బాబాయ్ అన్నాను.

"అదే మరి. రబ్బరు తప్పు కాదు అబ్బాయ్. గొట్టం నేరుగా రబ్బరు మీద కూర్చుంటే కోయక ఏం చేస్తుంది?"

డబ్బాలో చేయి పెట్టి ఒక్కో వాషర్‌నూ గొట్టం మూతికి ఆనించి చూసి, సరిగ్గా మూతిని కప్పేవి రెండు ఏరాడు. వాటి అంచులకు ఆకురాయి పెట్టి నున్నగా చేశాడు. ఒక్కో బుష్ లోపల ఒక్కో వాషర్ జారవిడిచి, సబ్బు నీళ్ళు పూసి, కర్రను నిలువుగా పట్టి నేలకేసి రెండు దెబ్బలు కొట్టాడు. కూర్చుంది. నూనె ఎందుకు రాయలేదని అడిగితే, నూనె తగిలిన రబ్బరు ఉబ్బి మెత్తబడిపోతుందని, సబ్బు నీరైతే ఆరిపోయి పట్టేస్తుందని చెప్పాడు. వాషర్లకు డబ్బులు తీసుకోలేదు. అంతా కలిపి టీ తాగినంత సేపు కూడా పట్టలేదు. నిజానికి మంచి బుష్‌లలో ఆ లోహపు బిళ్ళ తయారీలోనే వేసి వస్తుంది. నాకు దొరికిన కర్రలలో అది లేదు, అంతే. ఆ తర్వాత సెమిస్టర్ అయ్యేదాకా ఆ బుష్‌ల జోలికి వెళ్ళాల్సిన అవసరం రాలేదు. బయటి నుంచి లోపలికి వచ్చేటప్పుడు గుమ్మంలో గోనెపట్ట మీద రెండు కర్రల అడుగులూ రుద్దుకోవడం మాత్రం మానలేదు. ఇసుక అంటుకున్న రబ్బరు కొత్తదైనా జారుతుంది.

మెట్ల గురించి అందరూ భయపెడతారు. నాకు అవి అంత కష్టం అనిపించలేదు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు కర్రలూ దెబ్బ తగిలిన కాలూ ముందు. చేతిపట్టు ఉన్న మెట్లయితే ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో కర్రను వెనకవాడికి ఇచ్చేయడం ఇంకా మేలు. నన్ను ఏడిపించింది ర్యాంపు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతాయి. మా దగ్గర మెట్ల పక్కన మిగిలిన జాగాలో ఎంత పడితే అంతలో కట్టేశారు, పైగా దాని మీద కూడా గ్రానైటే. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వచ్చాక తనిఖీలకు చూపించడానికి కట్టి ఉంటారని నా అనుమానం. చక్రాల కుర్చీలో వచ్చేవారు దాని మీద ఎలా దిగాలో కట్టినవారే చెప్పాలి. లిఫ్టు ఉంది, తాళం కార్యాలయంలో ఉంటుంది. తాళం కోసం నడిచే దూరంలో రెండు అంతస్తులు ఎక్కేయొచ్చు.

కొనమంటానా అంటే, నాలాంటివారైతే కొనండి. నేను బరువు తక్కువ, కబడ్డీ పుణ్యమా అని చేతుల్లో, భుజాల్లో సత్తువ ఉంది, పైగా పక్క మంచం మీద స్నేహితుడు ఉన్నాడు. చేతుల్లో అంత బలం లేనివారికి, కాలు అసలు నేలకు ఆనించకూడదన్నవారికి చంక కర్రలే నిలకడగా ఉంటాయని ఫిజియోథెరపిస్టు అన్నారు, ఆ విషయంలో ఆమె మాటే వినండి. ముంజేతి పట్టీ ఇప్పటికీ నాకు ఇష్టమే, తడి నేల మీద తప్ప. దుకాణంలో బుష్ ఊడదీయించి లోపల వేలు పెట్టి బిళ్ళ తగులుతుందో లేదో చూడండి. దుకాణదారు చిరాకు పడితే పడనివ్వండి. హాస్టల్లో గది పై అంతస్తులో ఉన్నవారు, పాశ్చాత్య పద్ధతి మరుగుదొడ్డి ఒక్కటి కూడా లేని హాస్టల్లో ఉన్నవారు మాత్రం ముందు వార్డెన్‌ను కలిసి ఆ సంగతి తేల్చుకుని, ఆ తర్వాతే కర్రల కోసం బయలుదేరండి.