విక్రమాదిత్య వర్సెస్ విక్రాంత్: పాత ఓడ కొనడం మేలా, కొత్తది కట్టుకోవడం మేలా?

విమాన వాహక నౌక కావాలంటే పాతది కొని బాగుచేయించుకోవడం చీప్, సొంతంగా కట్టడం టైం వేస్ట్ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మన దగ్గర రెండు రకాలూ ఉన్నాయి కాబట్టి చూద్దాం.

విక్రమాదిత్య అసలు సోవియట్ ఓడ, 1987లో బాకూ పేరుతో సర్వీసులోకొచ్చింది. రష్యాతో 2004 డీల్ ఏంటంటే ఓడ ఫ్రీ, దాన్ని మార్చివ్వడానికి మాత్రం 97 కోట్ల డాలర్లు. పాతిల్లు కొని గోడ కొడితే లోపల వైరింగంతా పోయుందని తెలిసినట్టు, పని పెరిగీ పెరిగీ బిల్లు 235 కోట్ల డాలర్లైంది, 2008లో రావాల్సింది 2013 నవంబర్‌కి చేతికొచ్చింది. మధ్యలో 2012 ట్రయల్స్‌లో ఫుల్ స్పీడ్ పెట్టేసరికి ఓడని నడిపే ఆవిరి తయారుచేసే ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. వేడిని తట్టుకునే ఆస్బెస్టాస్ వద్దని మనవాళ్ళన్నారని వాటి లోపల వేరే ఇటుక పేర్చారట, అది వేడికి ఆగలేదు.

మరి విక్రాంత్ టైంకి వచ్చిందా అంటే అదీ లేదు. కొచ్చిన్ షిప్‌యార్డ్‌లో 2009లో కీల్ (ఓడ అడుగున ఉండే వెన్నెముక లాంటి భాగం) వేస్తే నేవీలో చేరింది 2022 సెప్టెంబర్ 2న, ఖర్చు దాదాపు 20 వేల కోట్ల రూపాయలు. కానీ నాకు నచ్చింది దాని స్టీల్ కథ. రష్యా నుంచి రావాల్సిన స్టీల్ సరిగ్గా అందకపోతే మన హైదరాబాద్‌లోని రక్షణ లోహాల ల్యాబ్ డీఎంఆర్ఎల్ వాళ్ళు ప్రభుత్వ స్టీల్ కంపెనీ సెయిల్‌తో కలిసి డీఎంఆర్ 249 అనే స్టీల్ ఇక్కడే తయారుచేశారు, ఆ స్టీలే తర్వాత మిగతా యుద్ధనౌకలకీ వాడుతున్నారు. అక్కడ లేటైతే బిల్లు పెరిగింది, ఇక్కడ లేటైనా పని నేర్చుకున్నాం, అందుకే నా ఓటు విక్రాంత్‌కే.

అలాగని విక్రమాదిత్య దండగ అంటే ఒప్పుకోను. 2017లో మన పాత వాహక నౌక విరాట్ రిటైరయ్యాక విక్రాంత్ వచ్చేదాకా ఐదేళ్ళు మనకున్న ఒకే ఒక్క విమాన వాహక నౌక అదే. 2024 ఫిబ్రవరిలో వైజాగ్‌లో జరిగిన మిలాన్ నౌకాదళ విన్యాసాల్లో రెండూ కలిసి పాల్గొన్నాయి కూడా.

ఇంకోటి, సొంతది అన్నంత మాత్రాన అంతా సొంతం కాదు, విక్రాంత్‌ని నడిపే గ్యాస్ టర్బైన్ల డిజైన్ అమెరికాది, విమానాలు రష్యా మిగ్‌లు. విమానాల్ని డెక్ మీదికి చేర్చే లిఫ్టులు కూడా రెక్కలు మడిచిన ఆ మిగ్ కొలతకే కట్టారు, ఇప్పుడేమో రెక్కలు మడవని రఫేల్ విమానాలు 26 కొంటున్నాం!