ఐపీఏతో పదమూడేళ్లు: ఒక బోర్డు రిపేరు టేబుల్ నుంచి

2012లో విజయవాడ గవర్నర్‌పేటలో సెల్‌ఫోన్ రిపేరు పనికి చేరిన మొదటి రోజు గురువుగారు నా చేతికి రెండే ఇచ్చారు. అరిగిపోయిన టూత్‌బ్రష్ ఒకటి, మూత లేని గాజు సీసాలో నీళ్లలాంటి ద్రవం. "ముందు ఫోన్ లోపలి సర్క్యూట్ బోర్డు కడగడం నేర్చుకోరా, సోల్డరింగ్ సంగతి తర్వాత చూద్దాం" అన్నారు. ఆ ద్రవం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అని, బజార్లో ఐపీఏ అని అడిగితే ఇస్తారని వారంలో తెలిసింది. దానితో ఎలా మసలాలో మాత్రం ఐదేళ్ల తర్వాత, ఒక మంట చూశాకే తెలిసింది.

ఇప్పుడు నాకు సొంత షాపు ఉంది. ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. నెలకు సుమారు లీటరు ఐపీఏ అవుతుంది. ఇన్నేళ్లలో సోల్డరింగ్ స్టేషన్లు మారాయి, మైక్రోస్కోపు వచ్చింది, సోల్డరు బాగా అతకడానికి రాసే ఫ్లక్స్‌లో బ్రాండ్లు ఎన్నో చూశాం. ఐపీఏ మాత్రం అలాగే ఉంది. ఎంత బాగా శుభ్రం చేస్తుందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఆ భాగం త్వరగా ముగించి, జాగ్రత్తల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

పని విషయంలో దీనికి నేను వంక పెట్టలేను. ఐసీ, అంటే చిప్, మార్చాక బోర్డు మీద మిగిలే జిగట ఫ్లక్స్‌ను రెండు చుక్కలతో కరిగించేస్తుంది. నీళ్లతో ఎంతైనా కలుస్తుంది కాబట్టి తడిసిన బోర్డులో సందుల్లోని నీటిని తనతో బయటికి తెస్తుంది. 82 డిగ్రీల దగ్గరే మరుగుతుంది కాబట్టి నిమిషాల్లో ఆరిపోతుంది, మరక మిగల్చదు. షార్ట్ సర్క్యూట్ ఎక్కడుందో వెతకడానికీ పనికొస్తుంది. బోర్డు మీద పలచగా రాసి డీసీ సప్లై నుంచి తక్కువ వోల్టేజీ ఇస్తే, షార్టయిన కెపాసిటర్ అనే చిన్న భాగం వేడెక్కి దాని చుట్టూ తడి ముందుగా ఆరుతుంది. మైక్రోస్కోపు కింద చూస్తే ఆవగింజలో పావు వంతు కూడా లేని ఆ ముక్క చుట్టూ పొడిగా ఒక గుండ్రం కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ, కరెంటు, మండే ద్రవం ఒకేచోట ఉండే పని అది. ఇప్పుడు నేను షార్ట్ వెతకడానికి ఐపీఏ బదులు బోర్డుకు రోజిన్ పొగ పట్టిస్తున్నాను. బోర్డు మీద తెల్లగా పట్టిన ఆ పూత వేడెక్కిన చోట కరిగి జాడ చూపిస్తుంది.

కొనేటప్పుడు 99 శాతం అని రాసి ఉన్నదే తీసుకోండి. మందుల షాపులో దొరికే 70 శాతంలో మిగతాది నీళ్లే. గాయాలకూ చేతులకూ అది మంచిదే, బోర్డుకు కాదు. పైగా 70 శాతంది అంటుకోదని కొందరు అనుకుంటారు. అదీ శుభ్రంగా అంటుకుంటుంది. అనుమానం వస్తే ఇంట్లో ఉప్పుతో చూడొచ్చు. చిన్న సీసాలో కాస్త ఐపీఏ పోసి, ఉప్పు వేసి బాగా కుదిపి పక్కన పెట్టండి. 70 శాతంది అయితే నీళ్లు కిందికి, ఆల్కహాల్ పైకి చేరి రెండు పొరలుగా విడిపోతుంది. 99 శాతంది అయితే ఉప్పు కరగకుండా అడుగున అలాగే ఉంటుంది. ఈ పరీక్ష నీళ్లను పట్టిస్తుంది, మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కల్తీని పట్టించదు. అందుకే లేబుల్ లేకుండా లూజుగా, సగం ధరకు ఇస్తామనే క్యాన్ల జోలికి నేను వెళ్లను. మిథనాల్ చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది, కళ్లు పోతాయి. వాసన చూసి తేడా చెప్పగలనని ఎవరన్నా నమ్మకండి.

2020లో ఐపీఏ అంతా శానిటైజర్లకు వెళ్లిపోయి బజార్లో కరువొచ్చింది. ధర విపరీతంగా పెరిగింది. కొంతమంది శానిటైజర్‌తోనే బోర్డులు కడిగారు. అందులో చేతులు ఎండిపోకుండా గ్లిజరిన్ కలుపుతారు. అది ఆరదు, బోర్డు మీద జిడ్డుగా కూర్చుని దుమ్మును, తేమను పట్టుకుంటుంది. అలాంటి ఫోన్లు ఆ ఏడాది చివరి దాకా నా దగ్గరికి వచ్చాయి. ఆ ఏడాదే జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజర్ తాగి చాలామంది చనిపోయారు. పేపర్లో ఆ వార్త చదివిన రోజే మా షాపులో మంచినీళ్ల సీసాల్లో ఐపీఏ పోయడం ఆపేశాను. అంతకుముందు ఒకసారి కస్టమర్ ఒకాయన దాహమేసి టేబుల్ మీది సీసా మూత తీశారు. వాసన తగిలి ఆగిపోయారు కాబట్టి సరిపోయింది.

ఇక మంట సంగతి. ఐపీఏ ఫ్లాష్ పాయింట్ 12 డిగ్రీలు. అంటే 12 డిగ్రీల వేడి ఉన్నా చాలు, దాని పైన ఉండే ఆవిరి నిప్పురవ్వకు అంటుకుంటుంది. విజయవాడలో సంక్రాంతి తెల్లవారుజామున కూడా అంత చలి దాదాపు ఉండదు. కాబట్టి మన దగ్గర మూత తీసిన ఐపీఏ ఏడాది పొడవునా అంటుకోవడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఎండాకాలంలో క్యాన్ మూత తిప్పితే బుస్సుమని గాలి వస్తుంది చూడండి, అందులో ఈ ఆవిరి కూడా ఉంటుంది. గాలిలో ఈ ఆవిరి 2 శాతం చేరితే చాలు, మండుతుంది. లెక్క వేస్తే 100 మిల్లీలీటర్లు, అంటే చిన్న టీ గ్లాసుడు, పూర్తిగా ఆవిరైతే సుమారు 32 లీటర్ల ఆవిరి అవుతుంది. అది సమంగా కలిస్తే 1,600 లీటర్ల గాలిని, అంటే ఎనిమిది పెద్ద డ్రమ్ములంత చోటును అంటుకునేలా చేయగలదు. ఇంకో సంగతి, ఆ ఆవిరి గాలి కంటే రెండింతలు బరువు. పైకి పోదు. టేబుల్ అంచు మీదుగా కిందికి జారి నేల మీద పరుచుకుంటుంది. మన షాపుల్లో నేల మీద ఏముంటాయి? ఎక్స్‌టెన్షన్ బాక్సు, యూపీఎస్, ఇన్వర్టర్.

నా ప్రమాదం సరిగ్గా అక్కడే జరిగింది. 2016 ఆగస్టులో కృష్ణా పుష్కరాలు జరిగిన పన్నెండు రోజులూ, ఆ తర్వాత నెల రోజులూ మాకు నీళ్లలో పడిన ఫోన్లే. రోజుకు ఇరవై ముప్పై. చిన్న సీసాలు చాలక అయిదు లీటర్ల క్యాన్ తెప్పించాం. స్టీలు గిన్నెలో అర లీటరు పోసి బోర్డులు నానబెట్టేవాళ్లం. పుష్కరాలు అయిపోయాయి గానీ గిన్నె మాత్రం టేబుల్ మీదే ఉండిపోయింది. మరుసటి ఏడాది మే నెలలో ఒక మధ్యాహ్నం నా మోచేయి తగిలి ఆ గిన్నె ఒరిగింది. ద్రవం టేబుల్ మీద పరుచుకుని వెనక అంచు నుంచి కిందికి, ఎక్స్‌టెన్షన్ బాక్సు పక్కకు కారడం మొదలైంది. ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను. వంగి బాక్సు స్విచ్ ఆపేశాను.

స్విచ్ ఆపినప్పుడు లోపల చిన్న రవ్వ వస్తుంది. అది చాలింది.

పెద్ద చప్పుడేం రాలేదు. పైన దుప్పటి విదిలించినట్టు ఒక మెత్తని శబ్దం, కుడిచేతికి సెగ. కింద చూస్తే ట్యూబ్‌లైట్ వెలుతురులో మంట సరిగా కనిపించలేదు. లేత నీలం రంగు, అంచుల్లో మాత్రం పసుపు. నేల మీది కాగితాలు నల్లబడి ముడుచుకుంటుంటే మంట ఎక్కడిదాకా వచ్చిందో తెలిసింది. చేతి మీద వెంట్రుకలు కాలిన వాసన. గురువుగారు బయటికి పరుగెత్తి మెయిన్ ఆపారు. పక్క షాపు అన్న మంటలార్పే పొడి సిలిండర్ తెచ్చి కొట్టాడు. మొత్తం నిమిషం కూడా పట్టలేదు. నా చేతి మీద బొబ్బలు పది రోజుల్లో మానాయి. ఆ పొడి మాత్రం టేబుల్ మీద విప్పి ఉన్న బోర్డుల్లోకి దూరి, తేమ పట్టి, వారం తిరిగేసరికి పచ్చగా చిలుము ఎక్కించింది. తొమ్మిది ఫోన్లకు కస్టమర్లకు డబ్బు కట్టుకున్నాం.

స్విచ్ ముట్టుకోకుండా బయటికి వచ్చి, దూరంగా ఉన్న మెయిన్ ఆపాల్సింది. ఇప్పుడు కుర్రాళ్లకు చేరిన రోజే ఇది నేర్పిస్తాను. ఒలికితే ముందు అడుగు వెనక్కి, స్విచ్‌లు వేయొద్దు, ఆపొద్దు, ఫ్యాన్ కూడా. మెయిన్ స్విచ్ గుమ్మం దగ్గరికి మార్పించాను. ఎక్స్‌టెన్షన్ బాక్సులు నేల మీద నుంచి తీసి గోడకు, టేబుల్ ఎత్తుకు పైన బిగించాను. రెండు కిలోల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ కొన్నాను. పొడి సిలిండర్ కంటే ఖరీదు ఎక్కువే, కానీ బోర్డుల మీద ఏమీ మిగల్చదు. గిన్నెలో చిన్నగా అంటుకుంటే దానికంటే ముందు చేయాల్సింది పైన రేకు మూత బోర్లించడం. బకెట్టుతో నీళ్లు విసిరితే మండుతున్న ద్రవం చెదిరిపోయి మంట ఇంకా పరుచుకుంటుంది, కరెంటు ఉంటే ఇంకో ప్రమాదం.

ఆ రోజు తర్వాత టేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు మించి ఐపీఏ ఉండకూడదని నియమం పెట్టుకున్నాను. పైన రేకు కప్పు నొక్కితే కొంచెం కొంచెం పైకి వచ్చే పంప్ బాటిల్ ఉంటుంది కదా, అదే వాడతాం. ఒరిగినా ఒకేసారి ఒలకదు. పైన సరిపడా మూత కూడా ఉంటుంది. మిగతా లీటరు సీసా షాపు వెనక, ఎండ తగలని చోట, ఇనప అలమరలో. దాని మీద ఎర్రటి చతురస్రంలో మంట బొమ్మ, కింద 3 అంకె ఉన్న అసలు లేబుల్ చింపకుండా ఉంచుతాం. అయిదు లీటర్ల క్యాన్ కొనడం మానేశాను. లీటరుకు కాస్త ఎక్కువ పడినా ఫర్వాలేదు. సగం ఖాళీ అయిన క్యాన్‌ను ఏళ్ల తరబడి ఉంచితే గాలి తగిలి అందులో పెరాక్సైడ్‌లు కూడా పుట్టొచ్చు, తేమ లాక్కుని 99 శాతం కాస్తా తగ్గుతుంది. పొద్దున షాపు తెరవగానే దేవుడి పటం ముందు దీపం పెడతాం కదా, అది కొండెక్కాకే సీసా బయటికి తీస్తాం. ఈ ఒక్క మాటా ఇంట్లో పని చేసుకునే తమ్ముళ్లు తప్పకుండా గుర్తుంచుకోవాలి.

చిప్‌లు ఊడదీయడానికి వేడి గాలి ఊదే హాట్ ఎయిర్ గన్‌తో ఇంకా భయం. దాన్ని 350 నుంచి 400 డిగ్రీల మధ్య పెట్టి పనిచేస్తాం. ఐపీఏ ఆవిరి రవ్వ కూడా లేకుండా తనంతట తాను అంటుకునే వేడి సుమారు 399 డిగ్రీలు. పైకి ఆరినట్టు కనిపించే బోర్డులో చిప్‌ల మీద కప్పే షీల్డ్ రేకు కింద తడి ఉండిపోతుంది. కడిగాక పది నిమిషాలు ఆగి, బోర్డును నిలువుగా తట్టి చూసి, అప్పుడే గన్ అందుకోండి. బ్యాటరీ కింద గమ్ వదలడానికి ఐపీఏ చుక్కలు వేస్తాం. బాగా పనిచేస్తుంది. కానీ గమ్ వదిలే లోపే తొందరపడి స్క్రూడ్రైవర్‌తో పైకి లేపితే బ్యాటరీకి చిల్లు పడుతుంది. లిథియం నిప్పుకు ఐపీఏ తోడైతే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. ప్లాస్టిక్ కార్డుతో, అయిదు నిమిషాలు ఓపిక పట్టి తీయండి. ధ్వని తరంగాలతో మురికి వదిలించే అల్ట్రాసోనిక్ క్లీనర్ తొట్టిలో నేరుగా ఐపీఏ పోయడం మాత్రం చాలా షాపుల్లో చూశాను. ఆ యంత్రం దానికోసం చేసింది కాదు. అది వేడెక్కుతుంది, ఆవిరిని ఎగజిమ్ముతుంది, అడుగునే కరెంటు సర్క్యూట్ ఉంటుంది. ఆ తొట్టిలో నీళ్లతో కలిపే బోర్డు క్లీనర్ వాడి, చివర్లో బ్రష్‌తో ఐపీఏ రాస్తే సరిపోతుంది.

ఏసీ పెట్టాక మాకు మరో సమస్య మొదలైంది. తలుపులు మూసిన పది బై పది గదిలో సాయంత్రానికి తలనొప్పి, మత్తుగా ఉండేది. డెంగీ ఏమోనని పరీక్షలు కూడా చేయించుకున్నాను. తర్వాత లెక్క చూసుకుంటే, అంత గదిలో 100 మిల్లీలీటర్లు ఆవిరైతే గాలిలో వెయ్యి పీపీఎం, అంటే పది లక్షల వంతుల్లో వెయ్యి, దాటుతుంది. ఎనిమిది గంటల పనికి అమెరికా ప్రమాణం 400. ఇప్పుడు కడిగే టేబుల్‌ను విడిగా కిటికీ పక్కకు మార్చి, గాలి బయటికి లాగే ఫ్యాన్ పెట్టాను. తలనొప్పి పోయింది. చేతులకు నైట్రైల్ అనే రబ్బరు గ్లవ్స్ వేసుకోండి. ఐపీఏ చర్మంలోని నూనెను లాగేస్తుంది, చలికాలంలో నా వేళ్ల చివర్లు తెల్లగా పగిలి రక్తం వచ్చేది. కంట్లో చిందితే పదిహేను నిమిషాలు కుళాయి కింద కడిగి డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఎవరైనా మింగితే వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, లేబుల్ ఉన్న సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. తడిసిన దూదిని మామూలు చెత్తబుట్టలో వేయం, మూత ఉన్న రేకు డబ్బా ఒకటి దానికే పెట్టాం.

డిస్‌ప్లే అంచుల దగ్గర దీన్ని పోయకండి, లోపలి పొరల్లోకి పాకి తెల్లటి మరక పడుతుంది, ఇక పోదు. అక్రిలిక్ ప్లాస్టిక్ మీద సన్నని పగుళ్లు తెస్తుంది. మైకు, స్పీకర్ జల్లెడలకు దూరంగా ఉంచండి.

దీనికి బదులు పెట్రోలు వాడొచ్చా, పెయింట్ థిన్నర్ వాడొచ్చా అని కుర్రాళ్లు అడుగుతుంటారు. పెట్రోలు ఆవిరి గడ్డకట్టే చలిలో కూడా అంటుకుంటుంది. థిన్నర్ కనెక్టర్ల ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. రెంటికంటే ఐపీఏ ఎన్నో రెట్లు మెరుగు. వచ్చే నెల కూడా నేను కొనేది ఇదే, లీటరు సీసా ఒక్కటే.