బాడీ ఫ్యాట్ చూపించే బరువు మిషన్: హాస్టల్ రూమ్‌లో చాలాకాలం వాడాక

ముందే చెప్తున్నా, బరువు వరకు దీన్ని నమ్మొచ్చు, ఫ్యాట్ శాతాన్ని మాత్రం నమ్మొద్దు, అందులోనూ కాలేజీ వయసు అబ్బాయిలు అస్సలు నమ్మొద్దు. అనంతపురంలో మా రూమ్‌లో అందరం బీటెక్ మొదటి ఏడాది నుంచీ దీన్నే వాడుతున్నాం. గాజు పలక, పాదాల కింద స్టీలు పట్టీలు, ఫోన్‌కి బ్లూటూత్. ఏ కంపెనీదైనా దాదాపు ఇలాగే ఉంటుంది కాబట్టి పేరు చెప్పను.

బరువు బాగా చూపిస్తుంది. 26 కిలోల బియ్యం బస్తా పెట్టి చూశాం, బస్తా మీదున్న అంకెకు దగ్గరగానే వచ్చింది. నేల మాత్రం సమంగా ఉండాలి. మా రూమ్‌లో కడప బండలు, అతుకు మీద పెడితే ఒకటి, బండ మధ్యలో పెడితే ఇంకోటి చూపిస్తుంది, అందుకే చాక్‌పీసుతో గీత గీసి ఎప్పుడూ అక్కడే పెడతాం. రాత్రి బిర్యానీ తిని పొద్దున చూస్తే కిలో దాకా పెరగొచ్చు, అది కొవ్వు కాదు, ఉప్పుకు ఒంట్లో నిలిచిన నీళ్లు, ఇంకా అరగని తిండి.

ఇక ఫ్యాట్ సంగతి. ఈ మిషన్ కొవ్వును నేరుగా కొలవదు. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి చాలా తక్కువ కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది. నీరున్న కండలోంచి కరెంటు తేలిగ్గా పోతుంది, కొవ్వులోంచి పోదు. దానికి వయసు, ఎత్తు, బరువు కలిపి లెక్కగట్టి ఒక శాతం చెబుతుంది. కరెంటు ఎక్కువగా కాళ్లలోంచే పోతుంది కాబట్టి పొట్ట సంగతి దానికి పెద్దగా తెలీదు. మే నెల ఎండల్లో నీళ్లు సరిగా తాగని రోజు కొవ్వు పెరిగినట్టు చూపిస్తుంది. యాప్‌లో మీ ఎత్తు మార్చి ఎక్కండి, శాతం కూడా మారిపోతుంది!

అలాంటి అంకెను యాప్ ఎర్ర రంగులో 'కొవ్వు ఎక్కువ, కండ తక్కువ' అని చూపించేసరికి, మా పక్క రూమ్ జూనియర్ తమ్ముడు రాత్రి అన్నం మానేశాడు. బక్కగా ఉంటాడు, కొంచెం పొట్ట, రీల్స్‌లో సిక్స్‌ప్యాక్ వాళ్లను చూసి అద్దం ముందు కుమిలిపోయేవాడు. నాకు చాలా బాధేసింది. వాడి తప్పేముంది? 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఫొటో వేసి మరీ చూపించారు, ఇద్దరి బీఎంఐ (ఎత్తును బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క) 22.3, కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2. సన్నగా ఉన్నా కొవ్వు ఎక్కువుండటం మన దేశంలో చాలామందికి ఉన్నదే.

తమ్ముడికి కావాల్సింది తిండి మానడం కాదు, ప్రొటీన్. మెస్‌లో పొద్దున ఉగ్గాని, మధ్యాహ్నం అన్నం, పల్చటి పప్పు, ఎక్కడ సరిపోతుంది? గుడ్డుకు 6 గ్రాములు వస్తుంది, వంద గ్రాముల శెనక్కాయల్లో 25, ఉలవల్లో 22 దాకా ఉంటుంది. శెనక్కాయలు పండే జిల్లాలో ఉండి వేలు పోసి బరువు పెంచే గెయినర్ పొడి డబ్బాలు కొనడం ఎందుకు? కాకపోతే నూనె గింజలు కదా, వంద గ్రాములకు 560 కేలరీల పైనే, పొట్ట తగ్గాలనుకుంటే గుప్పెడుతో ఆపాలి.

ఇప్పుడు మా రూమ్‌లో ఎవరి ఫోన్‌లోనూ ఆ యాప్ లేదు. వారానికోసారి పరగడుపున బరువు చూసి గోడ క్యాలెండర్ మీద రాస్తాం, పక్కనే ఎన్ని పులప్స్ తీశామో కూడా. తమ్ముడు కూడా వచ్చి రాస్తున్నాడు. కొత్తగా కొనేవాళ్లు బరువు మాత్రమే చూపించే మామూలు మిషన్ తీసుకోండి, మిగిలిన డబ్బు గుడ్లకు పెట్టండి. ఇదే కొని సెలవులకు ఇంటికి తీసుకెళ్తే మాత్రం, గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దవాళ్లను దీని మీద ఎక్కించొద్దు.