పాత పరికరాల రీసైక్లింగ్ ఖర్చు ఎవరు భరిస్తే మేలు?

2022లో ప్రపంచవ్యాప్తంగా 6.2 కోట్ల టన్నుల ఈ-వ్యర్థాలు పోగుపడగా, పద్ధతి ప్రకారం సేకరించి రీసైక్లింగ్ చేసినట్టు లెక్క తేలినది 22.3 శాతమే. మిగిలినదానిలో చాలా భాగం చెత్తకుప్పలకో, ఆరుబయట తీగలు కాల్చి రాగి తీసే చోట్లకో చేరుతుంది. సీసం నేలలో దిగేదీ, డయాక్సిన్లనే విష రసాయనాలు గాలిలో కలిసేదీ అక్కడే. ఈ పని శుభ్రంగా చేయాలంటే ఖర్చవుతుంది. దాన్ని ఎవరి నుంచి, ఎప్పుడు వసూలు చేయాలన్న దగ్గరే దేశాలు మూడు దారులు పట్టాయి.

పారేసేటప్పుడు వాడకందారు చెల్లించాలన్నది జపాన్ పద్ధతి. 2001 నుంచి అక్కడ టీవీ, ఫ్రిజ్, ఏసీ, వాషింగ్ మెషీన్లకు ఇది అమలులో ఉంది. వాడుకున్నవారే భరించడం న్యాయంగానే కనిపిస్తుంది గానీ, పనికిరాని వస్తువుకు మళ్లీ డబ్బు కట్టమంటే దాన్ని చాటుగా వదిలేయాలన్న బుద్ధి పుట్టడం సహజం. జపాన్‌కూ ఆ బెడద తప్పలేదు.

కొనేటప్పుడే రుసుము తీసుకుంటే ఆ చిక్కు ఉండదు. కాలిఫోర్నియా 2005 నుంచి తెరలున్న పరికరాలకు ఇలాగే వసూలు చేస్తోంది. అయితే మరలు విప్పితే తెరుచుకునే పరికరానికీ, జిగురుతో అతికించి మూసేసిన దానికీ రుసుము ఒక్కటే అయినప్పుడు తయారీదారు తన పద్ధతి మార్చుకోవలసిన అవసరమేముంది?

ఆ అవసరం కల్పించడానికే స్వీడన్‌కు చెందిన థామస్ లిండ్‌క్విస్ట్ 1990లో ఉత్పత్తిదారు బాధ్యత, అంటే పాతబడిన వస్తువు ఖర్చును తయారుచేసినవారే భరించాలన్న భావనను ముందుకు తెచ్చారు. 2003లో యూరోపియన్ యూనియన్ దాన్ని ఎలక్ట్రానిక్ వస్తువులకు చట్టం చేసింది. తన వస్తువు తన దగ్గరికే తిరిగొస్తుందని తెలిస్తే, తయారీదారు దాన్ని విప్పడానికి వీలుగా చేస్తాడన్నది ఇందులోని ఆశ. ఆచరణలో కంపెనీలు సంఘంగా ఏర్పడి, మార్కెట్ వాటాను బట్టి ఖర్చు పంచుకోవడంతో ఒకరు పడిన శ్రమ ఫలితం అందరికీ పంచినట్టయింది. పైగా రీసైక్లింగ్ లక్ష్యాలను బరువుతో కొలుస్తున్నందున ఇనుము, రాగి బాగానే లెక్కకు వస్తాయి గానీ, అయస్కాంతాల వంటివాటికి వాడే అరుదైన భూలోహాల ప్రపంచ గిరాకీలో ఈ-వ్యర్థాల నుంచి తీరుతున్నది 1 శాతమే.

అయినా నా మొగ్గు మూడో దారికే, అదీ ఫ్రాన్స్ చేస్తున్నట్టు తయారీదారుపై మరమ్మతుకు వీలైన వస్తువుకు తక్కువ రుసుము, వీలుకానిదానికి ఎక్కువ రుసుము వేసినప్పుడు. మూతపడిన కంపెనీల సరుకుకు మాత్రం బాధ్యుడు దొరకడు. అక్కడ కొనేటప్పుడే తీసి ఉంచిన డబ్బే అక్కరకొస్తుంది.