ఒక్క సోటోనా, నలుగురు కొత్తవాళ్లా?

2025 సీజన్‌కు ముందు న్యూయార్క్ బేస్‌బాల్ అభిమానులు తెగ వాదించుకున్నది దీని గురించే. ఊళ్లోని రెండు జట్లలో ఒకటైన యాంకీస్‌లో ఉన్న బ్యాటర్ హువాన్ సోటోను, రెండోదైన మెట్స్ 15 ఏళ్లకు 76.5 కోట్ల డాలర్లిచ్చి ఎగరేసుకుపోయింది. యాంకీస్ ఎడమచేతి పిచర్ (బంతి వేసేవాడు) మాక్స్ ఫ్రీడ్‌కు 8 ఏళ్లకు 21.8 కోట్లు ఇచ్చి, బ్యాటర్లు బెలింజర్‌ను, గోల్డ్‌ష్మిట్‌ను, పిచర్ డెవిన్ విలియమ్స్‌ను కూడా తెచ్చుకుంది.

మెట్స్ వాళ్ల ధీమా ఊరికే రాలేదు. సోటోకు అప్పటికి 26 ఏళ్లే. స్ట్రైక్ జోన్‌కు, అంటే బ్యాటర్ కొట్టాల్సిన పరిధికి, కాస్త బయట పడిన బంతిని కదలకుండా వదిలేసి, కాలితో మట్టిని ఈడుస్తూ పిచర్‌ను గుచ్చి గుచ్చి చూస్తాడు. 2024లో 41 హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే షాట్లు) కొట్టాడు, 129 వాక్‌లు (పరిధి బయటి నాలుగు బంతులు వదిలేస్తే ఉచితంగా దక్కే బేస్) తీసుకున్నాడు. సరే, మరి బంతి వేసేదెవరు? మెట్స్‌తో పేచీ అంతా అక్కడే.

యాంకీస్ బేరం చప్పగానే అనిపించింది. కానీ మార్చిలో వాళ్ల ప్రధాన పిచర్ గెరిట్ కోల్ మోచేతి ఆపరేషన్‌తో ఏడాదంతా దూరమయ్యాక ఫ్రీడే దిక్కయ్యాడు, 19 మ్యాచ్‌లు గెలిచాడు. విలియమ్స్ మాత్రం బంతి పట్టుకుంటే చాలు, చూసేవాళ్లకు టెన్షనే.

సోటో 43 హోమ్ రన్లు కొట్టినా మెట్స్ 83 విజయాలతో ప్లేఆఫ్స్ (నాకౌట్ దశ) గడప తొక్కలేదు. యాంకీస్ 94 గెలిచి, చివరికి ప్లేఆఫ్స్‌లో టొరంటో జట్టు చేతిలో ఓడింది. నా ఓటు యాంకీస్ పద్ధతికే. కాకపోతే ఆరోన్ జడ్జ్ లాంటి బ్యాటర్ ముందే చేతిలో ఉన్న జట్టుకే అది చెల్లుతుంది.