సిట్జెస్‌లో ఆఖరి రోజు లంచ్: సోమవారం, తొమ్మిది మంది, మూడు పెనాలు

ముందే చెప్పేస్తున్నాను, ఈ రెస్టారెంట్‌కి ఐదుకి నాలుగు ఇస్తాను. పోయిన ఆ ఒక్కటీ వంటలో పోలేదు, బిల్లులో పోయింది.

సిట్జెస్ బార్సిలోనా నుంచి రైల్లో సుమారు 40 నిమిషాల దూరంలో ఉన్న సముద్రపు ఊరు. నీళ్లలోకి చొచ్చుకొచ్చిన రాతి గట్టు మీద చర్చి ఉంటుంది. దానికి ఒకవైపు ఫ్రగాటా, రిబేరా బీచ్‌లు, రెండోవైపు సాన్ సెబాస్టియా బీచ్. మొదటి వైపు హడావుడి ఎక్కువ. సాన్ సెబాస్టియా కాస్త చిన్నది, ఇసక పక్కనే నడకబాట, ఆ బాట మీద వరసగా రెస్టారెంట్లు. మేం తిన్నది వాటిలో ఒకదాంట్లో. పేరు కావాలనే రాయడం లేదు. నాకున్న ఫిర్యాదు సముద్రం ఎదురుగా టేబుల్ వేసే ఏ చోటయినా ఎదురు కావచ్చు.

కుటుంబమంతా కలిసి వెళ్లిన టూరులో ఆఖరి రోజు ఎలా ఉంటుందో తెలిసిందే. పదకొండింటికల్లా అపార్ట్‌మెంట్ ఖాళీ చేయాలి, విమానం చూస్తే రాత్రి తొమ్మిదిన్నరకి. ఈలోగా పిన్నికి మోకాళ్ల నొప్పి, పిల్లలకి మళ్లీ నీళ్లలోకి దిగాలని పేచీ, బావగారికి ఏమీ తోచదు. సామాన్లు స్టేషన్ దగ్గర బ్యాగులు దాచే షాపులో పెట్టాం, ఒక్కోదానికి 6 యూరోలు, ఏ గొడవా లేదు. మా మరిది మాత్రం కౌ ఫెర్రాత్ మ్యూజియం చూసి తీరాలన్నాడు. సాంతియాగో రుసిన్యోల్ అనే చిత్రకారుడి ఇల్లు అది. ఆయన కొన్న ఎల్ గ్రెకో చిత్రాలు రెండు లోపల ఉన్నాయి, 1894లో వాటిని ఊరేగింపుగా ఊళ్లోకి తెచ్చారు. కానీ అక్కడి మ్యూజియాలకి సోమవారం సెలవు. చివరికి బీచ్ రోడ్డు మీద 1898లో పెట్టిన ఎల్ గ్రెకో విగ్రహం దగ్గర ఫొటో దిగి ఊరుకున్నాడు. నన్నడిగితే ఆఖరి రోజు చూడాల్సినవేవీ పెట్టుకోకూడదు. అందరూ ఒకచోట చాలాసేపు కూర్చునే వీలు చూసుకుని, మిగిలిన డబ్బు అక్కడ ఖర్చు పెట్టాలి. ఉమ్మడి పర్సు నా చేతిలోనే ఉంది కాబట్టి నా మాటే నెగ్గింది.

ఒంటిగంటన్నరకి వెళ్లాం. అక్కడి లెక్కలో ఇది తొందరే, మధ్యాహ్న భోజనం జోరు రెండు దాటాకే. అందుకే ముందుగా బుక్ చేయకపోయినా తొమ్మిది మందికి రెండు టేబుళ్లు కలిపి గొడుగు కింద వేశారు. వెయిటర్‌కి యాభై ఏళ్లుంటాయి, ఇంగ్లిష్ బాగానే మాట్లాడాడు. బావగారు మెనూ తెరవకుండానే, "పెద్ద చేప ఏదుంటే అది కాల్చి తెమ్మను" అన్నారు. వెయిటర్ తల అడ్డంగా ఊపాడు. ఇవాళ సోమవారం, శని ఆదివారాలు పడవలు వేటకి వెళ్లవు, ఉన్న చేప శుక్రవారం నాటిది, దానికి మీరు అంత డబ్బు పెట్టక్కర్లేదు, రైస్ తీసుకోండి అన్నాడు.

నా నాలుగు మార్కుల్లో రెండు ఈ ఒక్క మాటకే. కాల్చిన చేపలు కిలో లెక్కన అమ్ముతారు, బిల్లు పెంచడానికి అంతకన్నా సులువైన దారి లేదు. అతను చెప్పింది నిజం కూడా. ఆ తీరంలో మరపడవల వేట సోమవారం నుంచి శుక్రవారం వరకే. సోమవారం పట్టిన చేప సాయంత్రం గానీ ఒడ్డుకి రాదు, అప్పటికి లంచ్ అయిపోతుంది.

మూడు పెనాల రైస్ చెప్పాం. నలుగురికి సెన్యురెత్ రైస్, అంటే రొయ్యల పెంకు, ఆల్చిప్పలు అన్నీ ముందే ఒలిచి వండేది. తలకి 24 యూరోలు. బావగారు, మా అబ్బాయి కటిల్‌ఫిష్ సిరాతో చేసే నల్ల రైస్ తీసుకున్నారు, 23. మిగిలిన ముగ్గురికి కూరగాయల పాయెల్యా, అంటే వెడల్పాటి పెనంలో వండే స్పానిష్ రైస్, 19. ఇవన్నీ కనీసం ఇద్దరికి చెబితేనే వండుతారు. చెప్పాక అప్పటికప్పుడు బియ్యం వేస్తారు కాబట్టి అరగంటయినా ఆగాలి. పది నిమిషాల్లో పాయెల్యా వచ్చిందంటే అది పొద్దున వండిందో, ఫ్రీజర్ లోంచి తీసిందో అనుకోవచ్చు. మాకు 35 నిమిషాలు పట్టింది. ఈలోగా ఎస్కలివాదా తెప్పించాం. వంకాయ, ఎర్ర క్యాప్సికం నిప్పుల మీద కాల్చి, తోలు తీసి, చీలికలు చేసి, ఆలివ్ నూనె పోసిన కాతలాన్ వంటకం, అంటే బార్సిలోనా ఉన్న ఆ ప్రాంతానిది. కారం లేదు, పోపు లేదు, అయినా వంకాయలో పొగ వాసన బాగా పట్టింది. ప్లేటు 12 యూరోలు, రెండు ప్లేట్లూ ఐదు నిమిషాల్లో ఖాళీ. ఊరి ప్రత్యేక వంటకం షాతో మాత్రం దొరకలేదు. అది చలికాలం వంటకమట. బాదం, ఎండు మిరప సాస్‌తో ఆకుకూర, ఉప్పుచేప కలిపి పెడతారు.

ఇక రైస్. రెండు చెవులున్న వెడల్పాటి పెనం, లోతు ఎంతో ఉండదు, అందులో అన్నం వేలెడు మందం కూడా లేదు. ఆ పల్చదనంలోనే పనితనమంతా ఉంది. రసమంతా, అంటే చేపలో కూరగాయలో కాచి తీసిన నీళ్లు, గింజలోకి ఇంకి, అడుగున గోధుమరంగు పొర కడుతుంది. మనం అడుగంటిందని పక్కన పెట్టే ఆ పొర కోసమే అక్కడివాళ్లు స్పూన్లతో పోటీ పడతారు. సెన్యురెత్ పెనంలో అది అంచు నుంచి అంచు దాకా సమంగా వచ్చింది. పిన్ని మొదటి ముద్దకే, "ఇంకో ఐదు నిమిషాలు ఉంచాల్సిందే, పలుకు తగులుతోంది" అంది. పలుకు తగలాలి పిన్నీ, బొంబా అనే ఆ పొట్టి గింజ తనకి రెండు మూడింతల రసం తాగి కూడా మెత్తబడదు, అందుకే దానికి అంత ధర అన్నాను. "అయితే నువ్వే తిను" అంటూనే రెండోసారి పెట్టించుకుంది. నల్ల రైస్ ఉప్పు ఒక చిటికెడు ఎక్కువ. దాంతో ఇచ్చిన అల్యోలి అనే వెల్లుల్లి సాస్ కలుపుకుంటే సర్దుకుంది.

శాకాహారుల కోసం కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే మా వదినకి టెన్షనంతా దీని గురించే. మెనూలో కూరగాయల పాయెల్యా అని రాసి ఉన్నా రసం చేపలదో కోడిదో కావచ్చు. వెజిటేరియన్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే లాభం లేదు. అలర్జీల పట్టిక అడగండి. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం 14 రకాల అలర్జీ పదార్థాల గురించి అడిగినవాళ్లకి చెప్పి తీరాలి. చేపలు, రొయ్యల జాతి, ఆల్చిప్పల జాతి, గుడ్డు, పాలు అన్నీ ఆ లిస్టులో ఉన్నాయి, కాబట్టి నలుపూ తెలుపూ తేలిపోతుంది. కానీ మాంసం ఆ లిస్టులో లేదు. కోడి రసం, పంది మాంసం ముక్కల సంగతి విడిగా అడగాల్సిందే. మా వెయిటర్ పట్టిక తెచ్చి చూపించాడు, కోడి రసం గురించి అడిగితే వంటింట్లోకి వెళ్లి కనుక్కుని వచ్చాడు. కూరగాయల రసం వేరేగా కాస్తారట. పైగా అల్యోలిలో గుడ్డు ఉంటుందని తనే చెప్పి, వదిన ముందు నుంచి ఆ గిన్నె తీసేశాడు. వదిన ఆ టూరులో ఎవరినీ అనుమానించకుండా తిన్న భోజనం ఇదే. రుచి మాత్రం మూడింట్లోకీ తక్కువే. ఆర్టిచోక్, బీన్స్ బాగున్నాయి గానీ రసం చప్పగా ఉంది.

తిన్నాక మమ్మల్ని లేపలేదు. స్పెయిన్‌లో అడిగేదాకా బిల్లు తేరు, మొదట్లో ఇది పట్టించుకోకపోవడం అనిపిస్తుంది. మూడింటికి క్రెమా కతలానా అనే కస్టర్డ్ తెప్పించాం. పైన చక్కెర పొర అప్పుడే కాల్చి తెచ్చారు, చెంచాతో కొడితే టక్‌మని పగిలింది. తర్వాత కాఫీలు. పిల్లలు ఎదురుగానే నీళ్లలో ఆడి, బీచ్ షవర్ల దగ్గర ఇసక కడుక్కుని వచ్చారు. పిన్ని కుర్చీలోనే ఓ కునుకు తీసింది. నాలుగున్నర దాటినా ఎవరూ ఏమీ అనలేదు. ఆఖరి రోజున ఇంతకన్నా కావాల్సిందేముంది!

బిల్లు 342 యూరోలు, తలకి 38. అందులో 31 యూరోలు టెర్రస్ సప్లిమెంట్. బయట కూర్చున్నందుకు 10 శాతం. మెనూలో ఉందా అంటే ఉంది, ఆఖరి పేజీలో, డెజర్ట్‌ల కింద, నా కళ్లద్దాలకి కూడా అందనంత చిన్న అక్షరాల్లో. రాసి ఉంది కాబట్టి తప్పు పట్టలేం. కానీ చేప వద్దని అంత నిజాయితీగా చెప్పిన మనిషి, కూర్చోబెట్టేటప్పుడు ఈ మాట కూడా చెప్పి ఉండొచ్చు. అడిగితే భుజాలెగరేసి, అది యజమాని రూలు అన్నాడు. ఇంకొకటి, నీళ్ల సీసాలు అడగకుండానే తెచ్చి పెట్టారు. 2022 చట్టం ప్రకారం స్పెయిన్‌లో రెస్టారెంట్లు కుళాయి నీళ్లు అడిగితే ఉచితంగా ఇవ్వాలి. అడిగాక జగ్గు తెచ్చారు. కాస్త క్లోరిన్ వాసన వచ్చింది, కానీ తాగొచ్చు.

పన్ను ధరల్లోనే కలిసి ఉంటుంది. టిప్పు తప్పనిసరి కాదు, మేం వెయిటర్ కోసం ఇష్టంగానే 10 యూరోలు ఉంచాం, యజమాని రూలు కోసం కాదు. బిల్లు విడివిడిగా చేయమంటే కుదరదన్నారు, మాకు ఉమ్మడి పర్సు ఉంది కాబట్టి ఇబ్బంది లేకపోయింది. బాత్రూమ్ మెట్లు దిగి కిందికి వెళ్లాలి, మెట్లు నిటారుగా ఉన్నాయి, పెద్దవాళ్లకి ఒకరు తోడు వెళ్లాలి. సోమవారం వెళ్లేవాళ్లు సెన్యురెత్ రైస్, ఎస్కలివాదా చెప్పండి. చేప తినాలనుంటే మంగళవారం నుంచి శనివారం లోపు వెళ్లండి, కిలో ధర ముందే అడిగి, కూర్చోకముందే మెనూ ఆఖరి పేజీ చూడండి.