ముళ్ళబాటల్లో ట్యూబులెస్ టైర్లు: రెండు వేసవులు దాటాక

గేర్లు, సస్పెన్షన్, డిస్క్ బ్రేకుల సంగతి మౌంటెన్ సైకిలు అమ్మే ప్రతి దుకాణంలోనూ చెబుతారు కనుక వాటి జోలికి పోను. నల్లగొండ చుట్టుపక్కల మట్టిబాటల్లో సైకిలు తొక్కేవారి సుఖదుఃఖాలన్నీ టైరు దగ్గరే తేలుతాయి. 29 అంగుళాల చక్రాలకు 2.25 అంగుళాల టైర్లు వేసి, ట్యూబులు తీసేసి, రిమ్ములకు టేపు చుట్టించి, లోపల రంధ్రాలను మూసే సీలెంటు ద్రవం పోయించుకున్నాక నాకు రెండు వేసవులు దాటాయి. ఆ ఏర్పాటు మీద మక్కువ ఇప్పటికీ తగ్గలేదు. అయితే మొదటి ఏడాది మిత్రుల దగ్గర చెప్పినంత ధీమాగా మాత్రం ఇప్పుడు చెప్పను.

మన ప్రాంతంలో మాఘం చివరి నుంచి ఉగాది దాకా సైకిలుకు మంచి కాలం. తెల్లవారుజామున కాస్త చలి మిగిలి ఉంటుంది, మోదుగులు పూస్తాయి, వానాకాలంలో జారిన చల్క నేల గట్టిపడి చక్రానికి పట్టు దొరుకుతుంది. చిక్కల్లా ముళ్ళకూ అదే అదను కావడం. పంటలు ఇంటికి చేరాక చేల చుట్టూ వేసిన ముళ్ళకంపను లాగి పక్కన పడేస్తారు, లాగిన దారి పొడవునా సర్కారు తుమ్మ ముళ్ళు రాలి ఉంటాయి. ఎండిన పల్లేరు కాయలు సరేసరి. కంది కోసిన చేను మీదుగా అడ్డం పడి వెళ్దామంటే, కొడవలి ఏటవాలుగా తెగ్గొట్టిన కంది మోళ్ళు మేకుల్లా నిలబడి ఉంటాయి. ట్యూబులు ఉన్న రోజుల్లో పానగల్లు దాటి, ఉదయ సముద్రం వెనక బాటల్లో తిరిగి, పంచరు లేకుండా ఇంటికి చేరడం అరుదుగా జరిగేది.

సీలెంటు పోయించాక ఆ బెడద పోయింది. ముల్లు దిగిన చోట నుంచి గాలితో పాటు పాలలాంటి ద్రవం నురగ కడుతూ బయటికి వస్తుంది. రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి కాసేపు ఆగితే, అందులోని రబ్బరు పాలు గడ్డకట్టి బుస్సుమనే చప్పుడు సన్నగిల్లి ఆగిపోతుంది. చాలాసార్లు ముల్లు దిగిన సంగతే తెలియదు, ఇంటికి వచ్చి కడుగుతున్నప్పుడు టైరు మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఇంకో లాభం కూడా ఉంది. ట్యూబు రాతికీ రిమ్ముకూ మధ్య నలిగి చిట్లుతుందన్న భయంతో ఇదివరకు 35 పౌండ్ల గాలి పట్టించేవాణ్ణి. 70 కిలోల బరువున్న నాకు ఇప్పుడు ముందు 22, వెనక 25 పౌండ్లు సరిపోతున్నాయి, మొరం మీద మలుపు తిరిగేటప్పుడు ఆ తేడా చేతులకు తెలుస్తుంది.

టైరు అంచు రిమ్ములో కూర్చోవాలంటే గాలి ఒక్కసారిగా కొట్టాలి, చేతిపంపుతో అది అయ్యే పని కాదు. కంప్రెషరు ఉన్న పంచరు దుకాణానికి వెళితే, అతను చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గిండ్ల ట్యూబే లేదు, గాలెట్ల నిలుస్తది సారూ?" అన్నాడు. సన్నటి వాల్వుకు తగిలించే చిన్న ఇత్తడి అడాప్టరు జేబులో ఉంది కనుక పని అయింది. ఆ అడాప్టరు లేకుండా పంచరు దుకాణానికి వెళ్ళి లాభం లేదు.

ఇక రాచకొండ సంగతి. రేచర్ల పద్మనాయకులు రాజధాని చేసుకున్న ఆ గుట్టల్లో, కూలిన గోడల రాళ్ళు బాటకు అడ్డంగా పడి ఉన్న ఒక చోట వెనక టైరు సైడ్‌వాల్, అంటే పక్కభాగం, అంగుళం మేర చీరుకుపోయింది. సైడ్‌వాల్ పలుచన, పైగా చక్రం తిరిగినప్పుడల్లా వంగుతూ ఉంటుంది, అంత చీలికను ఏ సీలెంటూ మూయలేదు. రబ్బరు స్ట్రిప్ గుచ్చి చూశాను, నిలవలేదు. నీళ్ళ సీసా ముక్క ఒకటి కోసి చీలికకు లోపలి నుంచి అడ్డుపెట్టి, వెంట ఉన్న ట్యూబు ఎక్కించి గాలి కొట్టాను. నాలుగు బారలు నడవకముందే ట్యూబు దిగిపోయింది. అతుకు వేసి మళ్ళీ ఎక్కిస్తే మళ్ళీ అదే వరస.

టైరును తిరగేసి, లోపలి వైపు వేలితో తడిమితే అసలు సంగతి బయటపడింది. సీలెంటు మూసినవి రంధ్రాలనే గానీ ముళ్ళను బయటికి నెట్టలేదు. నెలల తరబడి దిగి, పైన విరిగిపోయిన ముళ్ళ మొనలన్నీ గడ్డకట్టిన రబ్బరు పొర కింద పదిలంగా ఉన్నాయి. ట్యూబు లేనన్నాళ్ళూ వాటివల్ల ఏ హానీ లేదు, ట్యూబు పెట్టిన మరుక్షణం ఒక్కొక్కటీ లేచి గుచ్చుకుంది. అమ్మేవారెవరూ ఈ ముక్క చెప్పగా నేను వినలేదు. అటుగా మేకలు తోలుకొచ్చిన పెద్దాయన కాసేపు చూసి, మొలతాడుకు కట్టుకున్న ముల్లు తీసే చిమటా విప్పి ఇచ్చాడు. "గిన్ని ముండ్లు లోపల పెట్టుకోని ఎట్ల తొక్కినవ్ సారూ?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోగానే తాను కూడా కూర్చుని, చూపు ఆనకపోయినా వేలి కొసతో వెతికి నాకంటే ఎక్కువే తీశాడు. సంస్థాన్ నారాయణపురం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

అందుచేత సీలెంటు మీద నా పాత పొగడ్తను కొంత సవరించుకోవాలి. అది మన ఎండలకు త్వరగా ఆరిపోతుంది. రెండు నుంచి ఆరు నెలలు ఉంటుందని తయారీదారులు చెప్పే లెక్కలో మనకు కింది అంకెనే నమ్ముకోవాలి. ఉగాది దాటాక రెండు నెలలకోసారి వాల్వు లోపలి ముక్క (కోరు) విప్పి, ఒక్కో టైరులో కొంత కొత్తది పోస్తున్నాను. టైరు విప్పిన ప్రతిసారీ లోపల గుడ్డతో తుడుస్తాను, గుడ్డ పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు ఉన్నట్టే.

వారం వారం మట్టిబాటల్లో తొక్కుతాను కనుక ఈ శ్రమా ఖర్చూ నాకు గిట్టుబాటవుతున్నాయి. తారురోడ్డు మీదనో, నెలకోసారో తొక్కేవారికి సీలెంటు వాడకంకంటే ఆరిపోవడమే ఎక్కువ, వారికి ట్యూబులే మేలేమో. రాచకొండ తరువాత వెనక చక్రానికి సైడ్‌వాల్ మందంగా ఉన్న టైరు వేయించాను. ఎక్కుడు బాటలో దాని బరువు కాళ్ళకు తెలుస్తోంది, అది రాళ్ళకు ఎంతవరకు ఆగుతుందో ఈ ఎండాకాలం గడిస్తే గానీ చెప్పలేను.